ఫోనులో పాఠం సరే, విడమరచి చెప్పేదెవరు?

గల్ఫు వెళ్ళే యువకుడు ఒప్పంద పత్రం చదవకుండానే సంతకం పెడుతున్నాడు. బ్యాంకు పంపిన ఇంగ్లీషు సందేశం చదివించుకోవడానికి ఇల్లాలు, బడికెళ్ళిన కొడుకు వచ్చేదాకా ఎదురు చూస్తోంది. ఈ వయసులో ఇంగ్లీషేమిటని నవ్వేవారు ఈ అవస్థ గమనించాలి.

నేర్చుకోవడానికి ఇప్పుడు పట్నం వెళ్ళనక్కరలేదు. బీబీసీ 1943లో రేడియోలో ఆరంభించిన ఇంగ్లీషు పాఠాలు నేడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఆరు నిమిషాల సంభాషణ వింటూ, అవే మాటలు తెరమీద చదువుకోవచ్చు. బ్రిటిష్ కౌన్సిల్ అభ్యాసాలూ ఉన్నాయి. అర్థం కాకపోతే ఆపి మళ్ళీ వినవచ్చు. కసురుకునేవారు ఉండరు.

అయితే చిక్కు ఒకటుంది. ఈ పాఠాల్లో ఇంగ్లీషును ఇంగ్లీషులోనే వివరిస్తారు. అక్షరాలు కూడబలుక్కునే వారికి అవి కొరుకుడు పడవు. తెలుగులో విడమరచి చెప్పి, తప్పు పలికితే దిద్దే మనిషి కావాలి.

అందుకు శాఖా గ్రంథాలయాలే తగిన చోటు. ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. సాయంత్రం ఒక గంట, ఒక కంప్యూటరు, చదువుకున్న నిరుద్యోగికి కొద్దిపాటి గౌరవ వేతనం. జిల్లా గ్రంథాలయ సంస్థ ఈపాటి ఏర్పాటు చేయాలి.

వయోజనుల చదువు వృథా పోదు. 1992 నాటి సారా వ్యతిరేకోద్యమానికి నెల్లూరు జిల్లా దూబగుంటలో ఊపిరి పోసింది అక్షరాస్యతా తరగతులే.

గ్రామస్థులూ ఊరుకోరాదు. పంచాయతీలో తీర్మానం చేసి పంపాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు.