కట్టయు, అలుగును

కుందూనది పొంగినపుడు ఉయ్యాలవాడ సీమలో ముందుగా తడియునవి పొయ్యియు, గాదెయు. 2019 సెప్టెంబరులో మహానందీశ్వరుని యాలయములోనికే నీరు చొచ్చినది. కుందూ గట్లు దాటి పైరులను ముంచినది. అంత యేటిని ఊరివారు ఆపజాలరు గాని, దానిలోనికి పరుగెత్తు వంకలను ఎగువనే చిన్న మట్టికట్టలతో కొంత నిలుపవచ్చును. అట్టి కట్టనుగూర్చి ఈ నెల ముచ్చటింపదలచితిమి. ఇది ఇంజనీర్ల పని, మనకేల యందురా? కట్టక్రింద కాపురముండువారము మనమే కదా!

వరదకట్టకును చెరువుకట్టకును చూపునకు భేదము లేదు, పనిలో కలదు. చెరువు నిండుగా నుండవలెను. వరదకట్ట వెనుక చోటు ఖాళీగా నుండవలెను. వాననీటిని పట్టి, తూముగుండ మెల్లమెల్లగా విడిచి, మరల ఖాళీయగుటయే దాని ధర్మము. నీరు కంటబడినదిగదా యని నిలిపికొన్నచో తరువాతి వానకు తావెక్కడిది? పాలు పొంగినపుడు పట్టుటకని ప్రక్కనుంచిన గిన్నెను ముందే నీటితో నింపినట్లగును.

ఆ సీమ నల్లరేగడి నేల. తడిసినచో ఉబ్బును, ఎండినచో బీటలు వారును. నీరు కారకుండుటకు కట్ట నడుమ అది మంచిదే. పైన మాత్రము గరుసుమన్ను కప్పి, పొరపొరకును తడిపి దిమ్మిస కొట్టవలెను. మట్టికట్టలు తెగుటకు తరచుగా రెండే కారణములు: నీరు తలదాటి పారుట, ఎలుకబొరియలనుండియు కుళ్లిన వేళ్ల సందులనుండియు నీరూరుట. ఊరిన నీరు తేటగానున్న కొంత నయము. బురదగానున్నచో లోపలి మన్ను కొట్టుకొని వచ్చుచున్నదని గుర్తు. బట్టలుతుకబోయిన వారి కంటనే ఇది ముందు పడును. పొయ్యి అలుకుటకు కట్టమన్ను త్రవ్వుట మానుడు.

పొరుగున కడప జిల్లా పోరుమామిళ్లలో 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు చెరువు కట్టించి శాసనము వేయించెను. 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేండ్ల పని. ఆ వేయిమందిలో తట్ట మోసిన స్త్రీలెందరో శాసనకర్త వ్రాయలేదు! చెరువునకు ఆరు దోషములు మాత్రము చెప్పెను. కట్టనుండి నీరూరుట వానిలో నొకటి.

అలుగు చెడినచో నేమగునో చెయ్యేటియొద్ద చూచితిమి. 2021 నవంబరు 19, కార్తిక పూర్ణిమ వేకువను, రాజంపేట చెంతనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయెను. ఎగువ పింఛా కట్టయు తెగినది. ఇచట ఐదు గేట్లలో నొకటి లేవలేదు. నీరు కట్ట తలమీదుగా పారినది. పులపత్తూరు మొదలగు పల్లెలలో ఇండ్లేగాక ప్రాణములును పోయినవి.

చిన్నకట్టకు గేట్లుండవు, అలుగే దాని గేటు. మా మతమున కట్టను ఒక అడుగు పెంచుటకంటె అలుగులోని ముండ్లకంప కొట్టించుట మేలు. గ్రామసభకు పోవుదురేని ఆ పనికి ఈ యేడు ఎంత సొమ్ము వ్రాసిరో అడుగుడు. వైశాఖము దాటకమునుపే అడుగవలెను. వానలు పట్టిన పిదప కంపలోనికి మనిషి దిగజాలడు.