అంచు చూడని కత్తి

నోటి క్యాన్సరో రొమ్ము క్యాన్సరో వచ్చి కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న నందవరం మనిషికి అసలు తీర్పు థియేటర్‌లో తెలియదు. కోసి తీసిన ముక్క ఫార్మలిన్ డబ్బాలో పెథాలజీకి పోవాలి. మైనంలో గట్టిపడి, పలుచని పొరలుగా తెగి, రంగు పట్టి, మైక్రోస్కోపు కిందికి చేరాలి. వారం పది రోజులకు ఒక కాగితం వస్తుంది. ముక్క చివరంచు దాకా క్యాన్సర్ కణాలు ఉన్నాయని అందులో రాసి ఉంటే, గడ్డలో కొంత ఒంట్లోనే మిగిలిందని అనుమానించాలి. అప్పటికి కుట్లు పడి ఉంటాయి. మనిషి ఊరు చేరి ఉంటాడు. సుగ్గి కాలమైతే ఇంటిల్లిపాదీ మేస్త్రీ మాట్లాడిన బండెక్కి గుంటూరు మిరప చేలకు పోయి ఉంటారు. రెండోసారి కోత కోసం వాళ్లను వెనక్కి పిలిచేదెవరు? పిలిస్తే కూలి పోగొట్టుకొని వచ్చేదెవరు?

(చౌడేశ్వరమ్మ నందవరం కాదిది. అది బనగానపల్లె దగ్గరుంది, నంద్యాల జిల్లాలోకి పోయింది. మనం మాట్లాడుతున్నది ఎమ్మిగనూరు పక్కన, తుంగభద్ర ఒడ్డు మండలం. 2009 వరదకు నాగలదిన్నె వంతెన కొట్టుకుపోతే కొత్తదాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మండలం. ఆలస్యం ఇక్కడి జనానికి కొత్త కాదు.)

గడ్డ అంచును కత్తి పట్టుకున్నప్పుడే చూపించే పద్ధతులు ప్రపంచంలో వచ్చేశాయి. వాటిలో కొన్ని ఖరీదైనవి, కొన్ని చవక. మన ప్రభుత్వాలు ఏవి తెచ్చాయి, ఏవి తేలేదు అన్నది తర్వాతి మాట. క్యాన్సర్ ఆపరేషన్‌లో అంచు మిగిలిందా లేదా అని అడిగే అలవాటే వాటికి లేదు. మన ఫిర్యాదు అక్కడ మొదలవుతుంది.

థియేటర్‌లోని తెల్లటి దీపం కింద క్యాన్సర్ కండ, మంచి కండ చాలాసార్లు ఒకే రంగులో ఉంటాయి. సర్జన్‌కు ఆధారం కళ్లు, వేలి కొసలు, అనుభవం, ముందు రోజు చూసుకున్న స్కాన్. నోటి క్యాన్సర్‌లో గడ్డ చుట్టూ కనీసం అయిదు మిల్లీమీటర్ల మంచి కండ కలిసి రావాలన్నది లెక్క. ఎక్కువ కోస్తే నాలుక, దవడ పోతాయి, మాట పోతుంది. తక్కువ కోస్తే జబ్బు తిరిగొస్తుంది. ఇంత సన్నటి గీతను ఒట్టి కంటితో గీయమనడం ఎంత మంచి సర్జన్‌కైనా అన్యాయమే.

ఆ గీతకు వెలుగు తోడు చేయడం నిన్నమొన్నటి ఆలోచన కాదు. మెదడు గడ్డలను ఫ్లోరసీన్ రంగుతో గుర్తించవచ్చని అమెరికాలో జార్జ్ మూర్ 1940ల్లోనే చూపించాడు. ఇప్పుడు బాగా నిలదొక్కుకున్న మందు 5-ఏఎల్ఏ. మత్తు ఇవ్వడానికి దాదాపు మూడు గంటల ముందు రోగి చేత తాగిస్తారు. మెదడు గడ్డ కణాలు దాన్ని పోర్ఫిరిన్‌గా మార్చి నిల్వ చేసుకుంటాయి. థియేటర్‌లో దీపాలు తగ్గించి నీలి కాంతి వేస్తే గడ్డ ఎర్రగా మెరుస్తుంది, మంచి మెదడు నీలంగానే ఉండిపోతుంది. తర్వాత ఒక రోజంతా ఆ రోగిని ఎండ, పెద్ద దీపాలు తగలకుండా చూసుకోవాలి, అంతే. జర్మనీలో దీనిపై జరిగిన పరీక్ష 2006లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చింది. కనిపించే గడ్డంతా తీయగలిగినది మామూలు దీపం కింద 36 శాతం మందిలో, ఈ వెలుగులో 65 శాతం మందిలో. జబ్బు ముదరకుండా ఆరు నెలలు దాటినవారు 21 శాతం నుంచి 41 శాతానికి పెరిగారు. యూరప్ 2007లో, అమెరికా 2017లో దీన్ని ఆమోదించాయి. అండాశయ క్యాన్సర్ కణాలకు అతుక్కొని మెరిసే పఫోలాసియానిన్‌కు అమెరికా 2021లో అనుమతి ఇచ్చింది. రొమ్ము క్యాన్సర్‌లో గడ్డ తీసేశాక ఆ గుంతలోకే చిన్న పరికరం పెట్టి మిగిలినదాన్ని వెతికే లూమిసైట్ పద్ధతికి 2024లో ఇచ్చింది.

ఇవి మంత్రదండాలని ఎవరైనా చెబితే నమ్మవద్దు. జర్మనీ పరీక్షలో గడ్డ బాగా తీయగలిగారు కానీ మొత్తం ఆయుష్షు గణనీయంగా పెరిగినట్టు తేలలేదు. లూమిసైట్ పరీక్షలో 357 మందికి గాను సర్జన్ వదిలేసిన క్యాన్సర్ దొరికింది 27 మందిలో. ఆ మందుకు తీవ్రమైన ఎలర్జీ రావచ్చన్న హెచ్చరికా ఉంది. మెరిసినదల్లా క్యాన్సర్ కాదు, మెరవనిదల్లా క్షేమమూ కాదు. పైగా వెలుగు కండలోకి ఎక్కువ లోతు దిగదు. అయినా ఆ 27 మందిలో మన ఇంటి ఆడబిడ్డ ఒకరైతే లెక్క వేరుగా కనిపిస్తుంది.

ఖరీదు మాటకు వద్దాం. అమెరికా మందులు మనకెక్కడివి అని చేతులు దులుపుకోవడం తేలిక. కానీ ఫ్లోరసీన్, ఇండోసయనిన్ గ్రీన్ అనే రెండు రంగులను కంటి ఆసుపత్రులు రెటీనా పరీక్షకు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నాయి. రెండోదాన్ని మదురైలోని ఆరోల్యాబ్ మన దేశంలోనే తయారుచేస్తోంది. దీన్ని రక్తంలోకి ఎక్కించి, కంటికి కనిపించని పరారుణ కాంతి వేస్తే కెమెరా తెరపై పచ్చగా మెరుస్తుంది. క్యాన్సర్‌ను మాత్రమే పట్టే గుణం దీనికి లేదు. అయితే జబ్బు ముందుగా పాకే గ్రంథి ఏదో చూపిస్తుంది, అతికించిన పేగుకు రక్తం అందుతోందో లేదో చెబుతుంది. తిరువనంతపురంలో పుట్టిన శాస్కాన్ సంస్థ నోటిలో అనుమానపు చోటును కాంతితో పట్టే ఓరల్‌స్కాన్‌ను 2020లో ఆరు లక్షల రూపాయల లోపు ధరకు తెచ్చింది. ఒక శంకుస్థాపన సభకు వేసే పందిళ్ల ఖర్చులో ఇలాంటివి ఎన్ని వస్తాయో అధికారులే లెక్క వేయాలి.

ఇంతకంటే పాత, ఇంతకంటే నమ్మకమైన దారి ఇంకొకటి ఉంది. ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి కోసి, అరగంటలోపు పెథాలజిస్టు థియేటర్‌కు కబురు చెప్పే ఫ్రోజన్ సెక్షన్. వెలుగుల కెమెరా దానికి తోడే కానీ బదులు కాదు. ముక్కను గడ్డకట్టించి కోసే క్రయోస్టాట్ యంత్రం ఉండి దాని ముందు కూర్చునే పెథాలజిస్టు లేకపోతే, ఏ కెమెరా కొన్నా అది ప్రారంభోత్సవం ఫొటోకే పనికొస్తుంది.

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతును చూడండి. బండి ఆగగానే మీటరు గుచ్చుతారు. తేమ ఎనిమిది శాతం దాటితే పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ ధర కోస్తుంది, పన్నెండు దాటితే కొననంటుంది. పత్తి విషయంలో అంత నిక్కచ్చిగా ఉండే ప్రభుత్వ వ్యవస్థ, అదే రైతు గొంతులోంచి తీసిన గడ్డ విషయంలో ఏ మీటరూ పెట్టదు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. పేరు ఏదైనా డబ్బు చెల్లించే పద్ధతి ఒకటే. ఈ ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ. శుభ్రంగా తీసినా, మిగిల్చినా ఆసుపత్రికి ముట్టేది అంతే. అంచును చూసుకోవడానికి ఇంకో అరగంట థియేటర్‌లో గడిపిన సర్జన్‌కు దక్కేది అలసట ఒక్కటే. ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని కోట్లు అని ప్రకటనల్లో ఊదరగొట్టే పాలకులు, వాటిలో ఎన్నింటికి అంచు శుభ్రంగా వచ్చింది, ఎందరికి ఏడాదిలోపు మళ్లీ కోత పడింది అన్న లెక్క జనం ముందు పెట్టిన పాపాన పోలేదు. వైఎస్ హయాం నుంచి నేటి దాకా అన్ని పార్టీలూ ఈ మౌనంలో భాగస్వాములే.

కట్టడాల మీద మాత్రం పోటీ ఎక్కువ. కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు సుమారు 120 కోట్ల అంచనాతో 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆదోని మెడికల్ కాలేజీకి 2021 మే 31న అప్పటి ముఖ్యమంత్రి జగన్ తాడేపల్లి నుంచి వీడియోలో పునాదిరాయి వేశారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబరులో చంద్రబాబు మంత్రివర్గం ఆదోనిని ప్రైవేటు భాగస్వామ్యం జాబితాలో చేర్చింది. ఒకరు రాయి వేసి వదిలేశారు, ఇంకొకరు ఆ రాయిని వేలానికి పెట్టారు. నోరి దత్తాత్రేయుడు వంటి క్యాన్సర్ వైద్యుడు చదువుకున్న కర్నూలు మెడికల్ కాలేజీ ఉన్న జిల్లాలో ఇది జరుగుతోంది. 2024 నవంబరులో ఇంటింటి క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టిన ప్రభుత్వమూ ఇదే. ఏఎన్ఎం వచ్చి నోరు తెరిపించి మచ్చ చూపించి పోతే సరిపోదు. ఆ మచ్చకు కోత పడేచోట ఏముందో కూడా చూడాలి. సరిహద్దు దాటి వస్తున్న గుట్కాను నిషేధం ఆపలేకపోయిన పల్లెల్లో ఆ మచ్చలకు కొరత ఉండదు.

వైద్యసేవ ట్రస్టు క్యాన్సర్ బిల్లు చెల్లించే ముందు పెథాలజీ నివేదికలోని అంచు వివరం నమోదు చేయించాలి. ఆసుపత్రుల వారీగా ఆ లెక్కను ఏటా ప్రచురించాలి. ఫ్రోజన్ సెక్షన్‌కు, వెలుగు సాయంతో చేసే ఆపరేషన్‌కు విడిగా రేటు కట్టాలి. కర్నూలు ఇన్‌స్టిట్యూట్‌లో పెథాలజిస్టుల పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని అన్నది గేటు ముందు బోర్డు మీద రాయాలి. ఆదోని కాలేజీ ప్రైవేటు చేతికి పోవడాన్ని మేము ఒప్పుకోవడం లేదు. మొండిగా ఇచ్చేటట్టయితే, ఒప్పందంలో ఎకరాలు, పడకలు, సీట్లతో పాటు ఈ షరతులూ రాయించాలి. రాయించకపోతే ఆ సంతకం ఎవరిదో వచ్చే ఎన్నికల్లో నందవరం, కోసిగి, మంత్రాలయం ఓటర్లు అడగాలి. సుగ్గికి పోయినవాళ్లు కూడా ఓటుకు ఊరికి వస్తారు.