హృద్రోగికి చెప్పవలసిన మాట

ఇబ్రహీంపట్నమునుండి సాగరు రోడ్డున బస్సెక్కి హైదరాబాదు పోయి, గుండె బలహీనమైనదని తెలిసికొని, సంచెడు మాత్రలతో తిరిగివచ్చు రైతు మన మండలమున అపురూపవ్యక్తి కాడు. నెల తిరుగకముందే కాళ్లు పొంగి, వెల్లకిల పండుకొన్న ఊపిరాడక, మరల నదే బస్సెక్కుటయు అపురూపము కాదు. మందు పనిచేయలేదని యింటివారందురు. రోగి మాట వినలేదని వైద్యులందురు. ఆ మాటను రోగికి తెలియునట్లు చెప్పినవారెవరని మేమడుగుచున్నాము.

గుండెజబ్బు పట్టణవాసుల జాడ్యమను భ్రమ యింకను కొందరిని వీడలేదు. గోదావరి జిల్లాల ప్రాంతమున 45 గ్రామములలో 2003-04లో మరణకారణములను విచారింపగా, సుమారు మూడింట నొక మరణము గుండె, రక్తనాళముల వ్యాధులవలననే సంభవించినట్లు తేలినది.

గుండె నీరసించినపుడు దేహమున ఉప్పును నీరును నిలుచును. ఆ నీటిని వెడలించు మాత్ర మ్రింగినచో కొన్ని గంటలు మాటిమాటికి మూత్రమునకు పోవలయును. బస్సులోనో సంతలోనో ఉన్నవారు, అందును స్త్రీలు, ఏమి చేయుదురు? ఆనాటికి మాత్ర మానుదురు. ప్రయాణదినమున దానిని ఇల్లు చేరిన పిదప వేసికొనవచ్చునేమో వైద్యుని నడిగి చెప్పు నర్సొకతె యున్నచో ఆ మాత్ర తప్పదు. మోకాళ్లనొప్పికి దుకాణమున కొనితెచ్చుకొను డైక్లోఫినాక్ వంటి మాత్రలు దేహమున నీటిని నిలిపి యిట్టి గుండెకు కీడు చేయునని యెందరెరుగుదురు? దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు తినుమని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మన తొక్కు జాడీ ఆ లెక్క నెరుగదు. ప్రతి యుదయము ఏమియు తినకముందు బరువు చూచి వ్రాసికొనవలయును. రెండు మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో, కాళ్లు పొంగువరకు ఆగక ఆస్పత్రికి కబురంపవలయును.

ఇంతమాత్రపు బోధవలన ఫలమేమని సంశయించువారికి ఒక నిదర్శనము. అమెరికాలో 282 మంది వృద్ధ హృద్రోగులను రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు నర్సు ఆధ్వర్యవమున బోధయు, పథ్యనిర్ణయమును, ఇంటికడ విచారణయు జరిపిరి. 1995లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, 90 దినములలో ఆ వర్గమువారు 53 మారులును, తక్కినవారు 94 మారులును మరల ఆస్పత్రి చేరిరి.

అయితే నర్సులకు సమస్తము తెలిసియుండుననుకొనుటయు పొరపాటే. ఆ దేశముననే 300 మంది నర్సులను ఈ వ్యాధినిగూర్చి 20 ప్రశ్నలడుగగా, సగటున 15 ఇంటికి మాత్రమే సరియైన యుత్తరములు వచ్చినవని 2002లో వెల్లడియైనది. అనుదినము బరువు చూచు విషయముననే పలువురు తడబడిరట. ఇది వారి దోషమని మేమనము. నేర్పనిది యెట్లు వచ్చును? మన నర్సుకు సూదులు, రిజిస్టర్లు, కాన్పులు చూచుకొనుటకే ప్రొద్దు చాలదు. రోగితో కూర్చుండి మాటాడుటను పనిగా లెక్కించు అధికారి యరుదు.

ఆస్పత్రినుండి యిచ్చి పంపు చీటీ సంగతి మరియు విచిత్రము. స్వరాజ్యము వచ్చి 75 ఏండ్లు దాటినను అది ఇంగ్లీషును విడువలేదు. మ్రింగవలసినవాడు తప్ప తక్కినవారందరు దానిని చదువగలరు!

ఇబ్రహీంపట్నపు ప్రభుత్వాస్పత్రిలో ఈ బోధకై యొక నర్సును ప్రత్యేకించి, ఆమెకు శిక్షణ యిప్పించి, ఇల్లు చేరు ప్రతి హృద్రోగితోను అరగంట గడుపు వ్యవధి కల్పింపవలయునని వైద్యశాఖను కోరుచున్నాము. చీటీ తెలుగునను, కావలసినవారికి ఉర్దూనను ఉండవలయును. గ్రామ ఉపకేంద్రములలోని నర్సులకును ఆ శిక్షణయే యీవలయును. ఇక భూస్వాములకు మా విన్నపము: గుడికి గంట చేయించు చేతులతోనే, తూకపు యంత్రము లేని ఉపకేంద్రమునకు ఒకటి కొనియిండు.