నేల కింద యజమాని ఎవరు?

పొలం పట్టా రైతు పేరునే ఉంటుంది. దాని కింద ఖనిజం బయటపడితే? సర్కారుదేనని చాలామంది నమ్మకం. చట్టం ప్రకారం తీసుకుంటే తప్ప భూగర్భ సంపద కూడా నేల యజమానిదేనని మలబారు జన్మం భూముల కేసులో సుప్రీం కోర్టు 2013లో తేల్చింది. అయితే తవ్వాలంటే మాత్రం ప్రభుత్వ అనుమతి కావాల్సిందే. హక్కు ఒకరిది, తాళం చెవి మరొకరిది.

ఆ తాళం చెవి కోసమే ఢిల్లీకీ రాష్ట్రాలకూ ఏళ్ల తరబడి పేచీ. ప్రధాన ఖనిజాలపై రాయల్టీ రేటును 1957 చట్టం కింద కేంద్రం నిర్ణయిస్తుంది, సొమ్ము రాష్ట్రాలకు వెళ్తుంది. రాయల్టీ కూడా పన్నేనని 1989లో ఏడుగురు న్యాయమూర్తులు చెప్పడంతో రాష్ట్రాల చేతులు కట్టేసినట్లయింది. 2024 జూలై 25న తొమ్మిదిమంది ధర్మాసనం 8-1 మెజారిటీతో దాన్ని తిరగరాసింది. రాయల్టీ పన్ను కాదు, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలదే. 2005 ఏప్రిల్ 1 నుంచి బకాయిలు కూడా అడగొచ్చని, 2026 ఏప్రిల్ నుంచి 12 ఏళ్ల వాయిదాల్లో వసూలు చేసుకోవాలని ఆగస్టులో చెప్పింది. జార్ఖండ్ ఆ ఏడాదే సెస్సు చట్టం తెచ్చేసింది.

విభేదించిన ఒక్క న్యాయమూర్తి బి.వి. నాగరత్న. రాష్ట్రాలు పోటీలుపడి పన్నులు వేస్తాయన్న ఆమె ఆందోళన కొట్టిపారేయదగ్గది కాదు. సొంత ఇనుప గనుల్లేని విశాఖ ఉక్కు కర్మాగారం ఛత్తీస్‌గఢ్ ఖనిజంపై ఆధారపడుతుంది. అక్కడ సెస్సు పెరిగితే ఇక్కడ టన్ను ధర పెరుగుతుంది. కానీ కొండ కరిగేదీ, వాగు ఎర్రబారేదీ బైలదిల్లాలోనే కదా! ఖనిజాభివృద్ధి పేరుతో ఈ పన్నులకు పరిమితి విధించే అధికారం పార్లమెంటు చేతిలోనే ఉంది.