ఊసరవెల్లి పిల్లకు గిన్నెలో నీళ్లా?

చర్లపల్లి పారిశ్రామికవాడలో ప్రహరీల పక్కన తుమ్మపొదలకు ఇప్పటికీ కొదవలేదు. బడి నుంచి వస్తూ ఆ పొదల్లో వేలెడంత ఊసరవెల్లి పిల్లను చూసిన కుర్రాడు ఊరుకుంటాడా? టిఫిన్ డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చేస్తాడు. 'అయ్యో, దాన్నెందుకు తెచ్చినవ్ రా... విషముంటది!' అని నానమ్మ కేకలేస్తుంది. (దానికి విషం లేదు, పాపం!) 'రెండు రోజులే ఉంచుకుంట' అని వాడు బతిమాలతాడు. ఖాళీగా ఉన్న చేపల తొట్టి దాని ఇల్లవుతుంది. గిన్నెలో నీళ్లు, పక్కన నాలుగు చీమలు. మూడోరోజుకల్లా ఆ పిల్ల కళ్లు లోపలికి పోయి, పట్టపగలే కునికిపాట్లు పడుతుంటుంది. గిన్నెలో నీళ్లు మాత్రం పోసినవి పోసినట్టే ఉంటాయి.

అక్కడే ఉంది తిరకాసు. ఊసరవెల్లి సాధారణంగా గిన్నెలోని నీళ్లను పట్టించుకోదు. ఆకు మీద నుంచి జారే చుక్క కంటపడితేనే నోరు తెరుస్తుంది. అంటే నిండు గిన్నె పక్కనే దాహంతో చచ్చిపోగలదన్నమాట!

అసలు తెచ్చింది ఊసరవెల్లేనా అన్నది మొదటి ప్రశ్న. తొండను చూసి ఊసరవెల్లి అనేవాళ్లే ఎక్కువ. తొండ వేళ్లు విడివిడిగా ఉంటాయి, చప్పుడైతే పరుగందుకుంటుంది. ఊసరవెల్లి వేళ్లు రెండు గుత్తులుగా కలిసిపోయి, కొమ్మను పట్టకారులా పట్టుకుంటాయి. నడకేమో ఊగుతూ, తూగుతూ. ఒక కన్ను ముందుకు చూస్తుంటే రెండోది వెనక్కి తిరుగుతుంది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత ఉంది గానీ, తొండ ఎంత ముదిరినా తొండే!

మనదేశంలో ఉన్న ఊసరవెల్లి జాతి ఒక్కటే... ఇండియన్ కెమీలియన్. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 దాన్ని కాపాడుతోంది. పట్టుకోవడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. చర్లపల్లి అనగానే గుర్తొచ్చే జైలు పేరు చెప్పి పిల్లాణ్ని భయపెట్టనక్కర్లేదు కానీ, పెద్దవాళ్లు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. హుషారుగా ఉంటే పొద్దున్నే తీసుకెళ్లి తెచ్చిన పొద మీదే వదిలేయాలి. దెబ్బలు తగిలి ఉంటే అటవీశాఖకు గానీ, హైదరాబాద్‌లో పాముల్ని కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి గానీ కబురు పెట్టాలి.

మరి పెంచుకోవాలన్న మోజు తీరేదెలా? యెమెన్, సౌదీ అరేబియాలకు చెందిన వెయిల్డ్ కెమీలియన్‌ను, మడగాస్కర్‌కు చెందిన పాంథర్ కెమీలియన్‌ను చాలా దేశాల్లో పెంచుతున్నారు. రెండూ అంతర్జాతీయ ఒప్పందం 'సైటిస్' జాబితాలో ఉన్నవే. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జీవుల్ని కేంద్ర ప్రభుత్వ 'పరివేష్' పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు అడిగితే నసిగే దుకాణదారుకు ఓ నమస్కారం పెట్టి వచ్చేయడమే!

ఇంటికి తెచ్చాక చేపల తొట్టి పనికిరాదు. గాలి ఆడే జాలీ పంజరం కావాలి. అందులో కుండీ మందార, ఎక్కి తిరగడానికి సన్నటి కొమ్మలు. పొద్దునా సాయంత్రం ఆకుల మీద నీళ్లు పిచికారీ చేయాలి. ప్లాస్టిక్ గ్లాసుకు సూదితో చిన్న చిల్లు పెట్టి పంజరంపైన ఉంచితే ఆకు మీద చుక్కా చుక్కా పడుతుంటుంది. ఆకులు మళ్లీ ఆరాకే రెండోసారి చల్లాలి. ఎప్పుడూ తడిగా ఉంటే బూజు పడుతుంది.

ఎదిగే పిల్లకు రోజూ రెండుసార్లు తిండి పెట్టాలి. పెద్దయ్యాక రోజు విడిచి రోజు చాలు. పెట్టే పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరంకన్నా పెద్దది కాకూడదు. చిన్న కీచురాళ్లు శ్రేష్ఠం. పెట్టబోయే ముందు ఒకరోజంతా వాటికి మునగాకు, క్యారెట్ తురుము వేయాలి. వాటి కడుపులోని సారమే పిల్లకు అందుతుంది. పాలకూర మాత్రం వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పెట్టేముందు పురుగుల మీద కాల్షియం పొడి పల్చగా చల్లాలి. మందు కొట్టిన తోటల్లోని మిడతల్ని తేవద్దు. మిణుగురు పురుగులైతే విషమే. తినగా మిగిలిన కీచురాళ్లను రాత్రికి తీసేయాలి, లేదంటే నిద్రపోయే పిల్లను అవే కొరుకుతాయి.

ఎంత కాల్షియం పెట్టినా ఎండ లేకపోతే దండగ. ఎండలోని అతినీలలోహిత కిరణాలతో తయారయ్యే డి విటమిన్ ఉంటేనే అది ఎముకలకు చేరుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది కాబట్టి, పంజరాన్ని ఉదయపు లేత ఎండలో బాల్కనీలో పెట్టాలి, సగం నీడ ఉండేలా. వీలుకాకపోతే యూవీబీ దీపం కొనక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండ నలభై డిగ్రీలు దాటిందంటే మాత్రం నీడే దిక్కు.

కాళ్లు వంకర పోతున్నా, దవడ మెత్తబడినా, నాలుక గురి తప్పుతున్నా అది ఎముకల జబ్బు. రెట్టలోని తెల్లటి భాగం పసుపు, నారింజ రంగులోకి మారితే నీళ్లు చాలడం లేదని అర్థం. ఏది కనిపించినా వెంటనే సరీసృపాల సంగతి తెలిసిన పశువైద్యుడికి చూపించాలి. ఇక రంగు! ఊసరవెల్లి చర్మంలోని అతి సన్నటి స్ఫటికాల మధ్య ఎడం మారడంవల్ల రంగులు మారతాయని 2015లో జెనీవా శాస్త్రవేత్తలు తేల్చారు. చుట్టుపక్కల రంగుల్లో కలిసిపోవడానికన్నా మనసు, ఒంటి వేడి తెలపడానికే అది ఎక్కువగా రంగు మారుస్తుంది. నల్లబడి బుసకొడుతోందంటే భయపడుతోందనే. ఊరికే చేతిలోకి తీసుకోకూడదు, ఎదురుగా అద్దం ఉంచకూడదు, ఒకే పంజరంలో రెండింటిని అసలే పెట్టకూడదు.

దీపం తీసేశాక తోకను చుట్ట చుట్టుకుని, పాలిపోయిన రంగులో కొమ్మ మీదే నిద్రపోతుంది. టార్చి వేసి చూపించమని చుట్టాలు ఎంత అడిగినా సరే... ససేమిరా అనాల్సిందే!