దేశభద్రత పేరుతో రైతు నోటికి తాళం

2024 నవంబరు మొదటి వారంలో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల, దాని చుట్టుపక్కల పల్లెల జనం రోడ్డెక్కారు. కప్పట్రాళ్ల రిజర్వు అడవిలో 468 హెక్టార్ల మేర యురేనియం ఉందేమో చూడడానికి 68 చోట్ల బోర్లు వేస్తారన్న కబురు తెలిసి పనులు వదిలేసి వచ్చి బైఠాయించారు. ఫ్యాక్షన్ ఊరని పేరుపడ్డ కప్పట్రాళ్ల ఈసారి వేరే కారణంతో పత్రికలకెక్కింది. కొద్ది రోజులకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బోర్లు వేయబోమని అధికారులు ప్రకటించారు.

గెలిచామని మనమంతా సంతోషించాం. సంతోషించడంలో తప్పులేదు. కానీ ఆ జనం రోడ్డు మీదకు రావలసిన అవసరం ఎందుకొచ్చిందో అప్పుడు మనం పెద్దగా మాట్లాడుకోలేదు. వాళ్లను ఎవరూ అడగలేదు కాబట్టే వచ్చారు. అన్వేషణ దశలో ఊరివాళ్లను పిలిచి అడగాలన్న నిబంధన లేదు. ‘ఇవి ఉత్త బోర్లే గదా, రేపు గని పెట్టేటట్టయితే ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది, అప్పుడు చూసుకుందాం’ అని మనవాళ్లలోనే కొందరు అన్నారు. అప్పటి నిబంధనల ప్రకారం అది నిజమే. 2025 సెప్టెంబరు 8 తర్వాత అది నిజం కాదు.

ఆ రోజు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఆఫీసు మెమో జారీ చేసింది. యురేనియం వంటి అణు ఖనిజాలకు, ‘కీలక, వ్యూహాత్మక ఖనిజాలు’ అని చట్టంలో జాబితా కట్టిన వాటికి గని తవ్వాలంటే ఇకమీదట ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అనుమతి విషయం గని ఎంత చిన్నదైనా ఢిల్లీలోనే తేలుతుంది. దేశ రక్షణ, భద్రత అవసరాలు, వ్యూహాత్మక ప్రయోజనాలు దీనికి కారణాలుగా చూపించారు. రక్షణ శాఖ, అణుశక్తి శాఖ కోరాయి గనుక ఇస్తున్నామన్నారు. పార్లమెంటులో చర్చ లేదు, కొత్త చట్టం లేదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌లో రక్షణ ప్రాజెక్టులకు మినహాయింపు ఇస్తూ ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని సాగదీసి గనుల మీద కప్పారు.

ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఏముంది, షామియానా వేస్తారు, మజ్జిగ ప్యాకెట్లు ఇస్తారు, కంపెనీ తోలుకొచ్చినవాళ్లు చప్పట్లు కొడతారు, పోలీసులు చుట్టూ నిలబడతారు, అంతే గదా అని ఎవరైనా అనొచ్చు. చాలా చోట్ల జరిగిందీ అదే. అయినా ఆ తంతులో రైతుకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పర్యావరణ నివేదికను జనానికి అందుబాటులో పెట్టాలి. కలెక్టరో, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారో ఎదురుగా కూర్చోవాలి. వీడియో తీయాలి. చెప్పిన అభ్యంతరాలు రాసి, చివర చదివి వినిపించాలి. కంపెనీ ఆ అభ్యంతరాలకు జవాబివ్వాలి. అంటే నీ బోరు గురించి, నీ చేను గురించి నువ్వు అడిగిన మాట ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతుంది. పదేళ్ల తర్వాతైనా ఆ కాగితం పట్టుకుని కోర్టు మెట్లెక్కొచ్చు.

దాని విలువ తెలియాలంటే కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె దాకా వెళ్లాలి. అక్కడ యురేనియం కార్పొరేషన్ గనికి 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007లో శంకుస్థాపన చేశారు. అది సున్నపురాతిలో కలిసున్న ముడి ఖనిజం కావడంతో ఆమ్లంతో కాకుండా క్షారంతో యురేనియాన్ని వేరుచేస్తారు. మిగిలిన బురదను గొట్టాల గుండా పంపి కె.కె. కొట్టాల దగ్గర కట్టిన టైలింగ్ పాండులో, అంటే వ్యర్థాల చెరువులో, నింపుతారు. ఆ చుట్టుపక్కల అరటి, చీనీ రైతులు కొన్నేళ్లకే బోర్ల నీళ్లు మారాయని, తోటలు దెబ్బతింటున్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని చెప్పడం మొదలుపెట్టారు. చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయాల్సిన పొర సంగతేమిటని ప్రశ్నించారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి కంపెనీకి నోటీసు ఇవ్వాల్సి వచ్చింది.

ఆ నోటీసు ఊరికే రాలేదు. ఏ షరతుల మీద అనుమతి ఇచ్చారో, కంపెనీ ఏం చేస్తానని రాసిచ్చిందో బహిరంగంగా ఉంది గనుకనే, చేసిందీ చేయనిదీ పోల్చి అడగగలిగారు. 2006 నాటి ఆ సభ పోలీసు కాపలా మధ్య హడావిడిగా సాగిందన్న విమర్శ అప్పుడే వచ్చింది. అరకొర సభే. ఆ అరకొరే తుమ్మలపల్లె రైతుకు ఆసరా అయింది. రేపు ఇంకో పల్లెలో గని వస్తే అక్కడి రైతుకు ఆ అరకొర కూడా ఉండదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పీసా చట్టం కింద గ్రామసభకు కొంత బలం ఉంది. కర్నూలు, కడప జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. మనకు ఆ రక్షణ మొదటినుంచీ లేదు. ఉన్న ఒక్క చోటు ఈ ప్రజాభిప్రాయ సేకరణే. భూసేకరణకు 2013 చట్టం ఉంది గదా అంటారా? అందులో కూడా దేశ రక్షణ, జాతీయ భద్రత అంటూ అత్యవసర సెక్షన్ వాడితే సామాజిక ప్రభావ అధ్యయనం నుంచి తప్పించుకునే దారి ఉంది.

దేశభద్రత అవసరం లేదని మనమెవరం అనడం లేదు. మన పిల్లలే సైన్యంలో ఉన్నారు. కరెంటు వద్దనీ అనడం లేదు. అందరికన్నా కరెంటు కోసం ఎదురుచూసేది బోరు మోటారు పెట్టుకున్న మెట్ట రైతే. యురేనియం దేశానికి కావలసిందే అనుకుందాం. అయినా తుమ్మలపల్లె చుట్టుపక్కల బోర్లలో సోడియం ఎంతుందో రైతుకు తెలిస్తే సరిహద్దులో ఎవరికి నష్టం? ఆ జాబితా ఒకసారి చదవండి. అందులో పొటాష్ ఉంది, ఫాస్ఫేట్ ఉంది. మనం బస్తాల్లో కొని చేనుకు చల్లే ఎరువుల ముడిసరుకు! దానికోసం గని తవ్వినా ఊరివాళ్లను అడగక్కర్లేదట. ఇది యుద్ధ అవసరమా, కంపెనీల తొందరా?

భద్రత పేరుతో తీసుకున్న అధికారం ఆ అవసరం తీరగానే తిరిగిరాదు. 1962లో చైనాతో యుద్ధం నెల రోజుల్లో ముగిసింది. అప్పుడు విధించిన అత్యవసర పరిస్థితి మాత్రం 1968 జనవరి దాకా కొనసాగింది. యుద్ధం కోసమని తెచ్చిన భారత రక్షణ నిబంధనల కిందనే 1964 డిసెంబరులో కిసాన్ సభ నాయకుడు ఏ.కె. గోపాలన్‌ను విచారణ లేకుండా నిర్బంధించారు. అదే 1962లో వచ్చిన అణుశక్తి చట్టంలోని 18వ సెక్షన్ సమాచారాన్ని దాచిపెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. 2025 డిసెంబరులో ఆ చట్టాన్ని తీసేసి, అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చే కొత్త చట్టం చేశారు. దాచిపెట్టే అధికారాన్ని మాత్రం అందులోనూ ఉంచుకున్నారు.

ఇది మన దేశంలోనే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అణుబాంబు కోసం నవాహో ఆదివాసుల భూముల్లో యురేనియం తవ్వడం మొదలైంది. 1944 నుంచి 1986 దాకా దాదాపు 3 కోట్ల టన్నుల ముడి ఖనిజం తీశారు. 1971 దాకా దాన్ని కొన్నది ఆ దేశ ప్రభుత్వమే. గనుల్లో గాలి ఆడక కార్మికులకు ఊపిరితిత్తుల క్యాన్సర్లు వస్తాయన్న అనుమానంతో ప్రభుత్వ వైద్యులే 1950 నుంచి వాళ్లను పరీక్షిస్తూ వచ్చారు, ప్రమాదం సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు. 1979 జూలై 16న చర్చ్ రాక్ దగ్గర వ్యర్థాల చెరువు కట్ట తెగి 9 కోట్ల గ్యాలన్లకు పైగా విషపు నీరు వాగులో కలిసింది. గొర్రెలు తాగే వాగు అది. నష్టపరిహారం చట్టం వచ్చింది 1990లో. వదిలేసిన గనులు 500కు పైగా ఇప్పటికీ ఆ నేల మీద ఉన్నాయి.

ఇంత జరిగిన దేశంలోనే 2025 జనవరి 20న కొత్త అధ్యక్షుడు పదవిలోకి వచ్చిన రోజే ‘జాతీయ ఇంధన అత్యవసర పరిస్థితి’ ప్రకటించాడు. పర్యావరణ పరిశీలనకు 14 రోజులు చాలన్నారు. ఆ లెక్కన యూటా రాష్ట్రంలో ఒక యురేనియం గనికి మే నెలలో 11 రోజుల్లోనే అనుమతి ఇచ్చేశారు. మన మెమో వచ్చింది దానికి నాలుగు నెలల తర్వాత. అక్కడ చూసి ఇక్కడ చేశారని నేను అనను. పాలకులందరికీ ఒకే మాట చేతికి అందుతుందని మాత్రం అంటాను.

మళ్లీ కప్పట్రాళ్లకు వద్దాం. ఆ జనం ఎక్కడ తమ మాట చెప్పాలి? సభ లేదు కాబట్టి రోడ్డు మీద చెప్పారు. రోడ్డు మీద చెబితే ఏమవుతుందో మన సంఘం కార్యకర్తలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పోలీసు యాక్టు 30 అమల్లో ఉందంటారు. పాత 144 సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టంలో 163 అయింది, పని అదే. ముందురోజు రాత్రే ఇంటి ముందు కానిస్టేబుల్‌ను కూర్చోబెడతారు. చట్టప్రకారం ‘వద్దు’ అని చెప్పే చోటును మూసేసి, మిగిలిన చోట చెబితే కేసు పెడతామంటే, ఇక రైతు ఎక్కడ మాట్లాడాలి? కప్పట్రాళ్లలో ఈసారి ప్రభుత్వం విన్నది. వినకపోతే ఏమవుతుందో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చూశాం. అప్పుడూ కరెంటు సంగతే.

సెప్టెంబరు 8 మెమోను ఉపసంహరించుకోవాలని మనం అడగాలి. రాష్ట్ర ప్రభుత్వం కప్పట్రాళ్లలో నోటిమాటగా ఇచ్చిన హామీని రాతపూర్వక ఉత్తర్వుగా ఇవ్వాలని, కేంద్రం అక్కర్లేదన్నా మన జిల్లాల్లో ఏ గనికైనా ముందు ఊళ్లో సభ పెట్టాలని శాసనసభ్యులను నిలదీయాలి.

వాళ్లు చేసేదాకా ఆగకుండా మనం చేసుకోగల పని ఒకటుంది. దేవనకొండ, పత్తికొండ, వేముల మండలాల్లోని మన గ్రామ కమిటీలు ఇప్పుడే, ఎవరూ తవ్వకముందే, ఊరికి నాలుగైదు బోర్ల చొప్పున నీళ్లు పరీక్ష చేయించి పెట్టుకోవాలి. ఉప్పు, సోడియం, యురేనియం మూడూ చూడమని అడగండి. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సీసా మీద తేదీ, సర్వే నంబరు, బోరు లోతు రాయండి, పంచాయతీ కార్యదర్శి చేత సంతకం పెట్టించండి, రసీదు పారేయకండి. తుమ్మలపల్లెలో రైతులను ప్రతిసారీ ఇబ్బందిపెట్టిన ప్రశ్న ‘గనికి ముందు మీ నీళ్లు ఎలా ఉండేవో రుజువేది?’ అన్నదే. పరీక్ష ఫలితాలు రాగానే ఒక నకలు జిల్లా కమిటీకి పంపండి.