అపాయం లేని గడ్డట!

మొన్న మంగళవారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, క్యాన్సర్ కాదట. బినైనేనట!" వెనక నుంచి మా అక్క గొంతు: "తిరుపతి మొక్కు తీర్చుకోవాలిరా." ఇద్దరూ పొంగిపోతున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. వాళ్ల మీద కాదు, ఒక మాట మీద.

వాడికి రెండేళ్లుగా ఎడమ దవడ కింద వాపు. నొప్పి లేదు. మొదట గవదబిళ్లలన్నారు, పసుపూ సున్నం కలిపి పట్టు వేశారు. తర్వాత పిప్పి పన్నన్నారు, దవడ పన్ను పీకేశారు. మాత్రల కోర్సులు మూడు అయ్యాయి. ఇన్ని చేసినవాళ్లలో ఒక్కరికీ దవడ మొత్తం ఒకేసారి కనబడే ఎక్స్‌రే, అదే ఓపీజీ, తీయించాలని తోచలేదు. కొన్ని వందల రూపాయల పని అది. చివరికి తీయిస్తే ఎముకలో సబ్బు నురగలా గదులు గదులుగా నల్లని ఖాళీలు. ముక్క పరీక్షలో తేలిన పేరు అమెలోబ్లాస్టోమా.

పంటి మీద ఎనామిల్ పరిచే కణాల వంశం నుంచి పుట్టే గడ్డ ఇది. దవడల్లో వచ్చే గడ్డలూ తిత్తులూ అన్నీ కలిపితే నూటికి ఒకటి. అందులో ఐదింట నాలుగు వంతులు కింది దవడకే వస్తాయి, ఎక్కువగా వెనక పళ్ల దగ్గర. నిదానంగా పెరుగుతుంది, నొప్పి పెట్టదు. నొప్పి లేని రోగాన్ని ఖాతరు చేసే అలవాటు మనకు లేదు కదా! అది ఎముకను లోపల్నుంచి తినుకుంటూ వస్తుంది. పైపొర పలచబడి, కొందరికి వేలితో నొక్కితే కోడిగుడ్డు పెంకు చిట్లినట్టు తెలుస్తుంది.

దీన్ని మన పత్రికలు 'నిరపాయకరమైన కణితి' అంటాయి. నేనూ అన్నాను. డెస్కులో ఉన్న రోజుల్లో 'బినైన్' అని కనబడితే చాలు, నా చెయ్యి దానంతటదే 'నిరపాయకరం' అని రాసేది. డాక్టరు బినైన్ అన్నప్పుడు చెప్పేది ఒక్కటే: ఇది క్యాన్సర్‌లా ఊపిరితిత్తులకో కాలేయానికో పాకే రకం కాదు అని. ఉన్నచోట ఏం చేస్తుందన్నది వేరే సంగతి. మన ఇల్లు దోచినవాడు పక్కింటికి పోలేదు కాబట్టి మంచివాడే అన్నట్టుంది మన అనువాదం.

ఈ మాట సరిగ్గా అతికే గడ్డలూ ఉన్నాయి. 2019లో చెన్నై సవీత దంత వైద్య కళాశాలలో ఏడేళ్ల పిల్లవాడి కింది దవడలోంచి 526 పళ్లు తీశారు. వాటిలో కొన్ని ఆవగింజంత. ఆ వార్త వేయని పత్రిక లేదు. అది ఒడొంటోమా అనే గడ్డ. శుభ్రంగా తీసేస్తే మళ్లీ వచ్చేది చాలా అరుదు. దాన్ని నిరపాయకరమనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అదే విశేషణాన్ని అమెలోబ్లాస్టోమాకూ తగిలిస్తే ఎలా? మామూలు రకం అమెలోబ్లాస్టోమాను గీకి వదిలేస్తే సగానికి పైగా మళ్లీ వస్తుంది. కొన్ని లెక్కల్లో అది నూటికి తొంభై దాకా ఉంది. ఎక్స్‌రేలో కనబడే అంచు దాటి మూలుగ సందుల్లోకి కణాలు వేళ్లు చాచి ఉంటాయి. అందుకే ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి ఎముకను కూడా కలిపి కోసేయాలంటారు సర్జన్లు. ఒకే తిత్తిగా ఉండే రకానికి, అందులోనూ చిన్నపిల్లలకి, కొంచెం దయ చూపిస్తారు. ఏ రకమైనా పదేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. అపాయం లేదని విన్నవాడు పదేళ్లపాటు చెకప్‌కి వెళ్తాడా?

పేర్ల విషయంలో వైద్యులూ తక్కువ తినలేదు. కెరటోసిస్ట్ అని దీని చుట్టమే ఒకటుంది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దాన్ని తిత్తుల్లోంచి కణితుల్లోకి మార్చారు. 2017లో మళ్లీ తిత్తుల్లోకే తెచ్చారు. అయితే వాళ్ల పేచీ వాళ్లకు అర్థమయ్యే భాషలో జరుగుతుంది. మా అక్కకి ఇచ్చిన రిపోర్టు రెండు పేజీలూ ఇంగ్లీషే. సినిమా పేరు తెలుగులో లేదని టీవీల్లో గంటలకొద్దీ చర్చలు పెడతాం. మనిషి దవడ కోయబోతున్నామని చెప్పే కాగితంలో ఒక్క తెలుగు ముక్క లేకపోతే మనకు పట్టదు. భాషాభిమానానికి ఆసుపత్రి గేటు దగ్గర చెప్పులు విప్పేస్తామేమో.

వైద్యం లేక కాదు నా బాధ. కాలి పిక్కలో పక్కగా ఉండే సన్నటి ఎముకను రక్తనాళాలతో సహా తీసి దవడగా మలిచే పద్ధతి 1989 నుంచీ ఉంది. దాంట్లో ఇంప్లాంట్లు బిగించి పళ్లు కూడా పెడతారు. ఈ గడ్డల్లో చాలావాటికి మూలం బీ-రాఫ్ అనే జన్యువులో మార్పు అని 2014లో తేలింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో కనిపించేదీ అదే. ఆ క్యాన్సర్‌కి వాడే మాత్రలతో కొందరికి గడ్డ కుదించుకుపోయింది కూడా. అయితే ఇదంతా గడ్డను ముందే గుర్తిస్తే సుఖంగా జరిగే పని. ఆలస్యమయ్యేకొద్దీ కోయాల్సిన దవడ పెరుగుతుంది.

ఇక బీమావాళ్ల సంగతి. దవడ కోతకి డబ్బిస్తారట, ఆ దవడలో పళ్లు పెడితే ఇవ్వరట. 'డెంటల్, కవర్ కాదు' అన్నాడు ఫోన్లో కుర్రవాడు. మరి అన్నం దేంతో నమలాలి బాబూ అంటే, లైన్లో ఉండమని పాట వేశాడు.

దవడ మీద నొప్పి లేని వాపు రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ఓపీజీ అడిగి తీయించుకోండి. ముక్క తీస్తే పాకుతుందన్న భయంతో బయాప్సీ మానకండి. డెస్కుల్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మనవి: 'నిరపాయకరం' కొట్టేసి 'క్యాన్సర్ కాదు, కానీ వదిలేయకూడదు' అని రాయండి. మహా అయితే ఒక లైను పెరుగుతుంది.